బదనిక కాయ

శంషాబాద్ ఎయిర్‌పోర్టులో గాజుగోడ పక్కన ఆర్కిడ్ కుండీలు పెట్టారు. అన్నీ పూలే, ఒక్క కాయ లేదు. తేనెటీగ రాని చోట కాయ ఎలా వస్తుంది?

మా కందుకూరు అడవిలో ఇప్పచెట్టు కొమ్మ మీద ఇలాంటిదే ఉండేది. బదనిక అనేవాళ్లం. తెల్లటి వేర్లు గాలిలో వేలాడేవి. కీళ్లనొప్పుల మందుకు అవ్వ దాని ఆకులు కోసేది గానీ, కాయ ఉన్న మొక్కను ముట్టనిచ్చేది కాదు. అందులో విషం ఉందనుకున్నాను.

ఒక చలికాలం మధ్యాహ్నం ఎండిన కాయ దానంతటదే పగిలింది. పసుప్పచ్చని పొడి పొగలా వచ్చి నా చేతుల మీద పడింది.

"ఇదేంది అవ్వా?"

"గింజలు బిడ్డా. పగిలిన బెరడు దొరికితే ఆడ్నే వేర్లు పెడ్తయి."

చలికి నా చేతులూ బెరడులాగే పగిలి ఉన్నాయి. ఎంత కడిగినా గింజలు పోయాయన్న నమ్మకం కుదరలేదు. రోజూ పొద్దున్నే ఆ పగుళ్లలో తెల్లటి వేర్ల కోసం వెతికేదాన్ని.

ఆ గింజలో పిసరంత తిండి కూడా ఉండదని, బెరడులోని బూజు సాకితేనే మొలుస్తుందని, లక్షల్లో ఏ ఒక్కటో బతుకుతుందని పెద్దయ్యాక చదివాను. అప్పటికే రోడ్డు కోసం ఇప్పచెట్టును కొట్టేశారు. ఆ చుట్టుపక్కల మరో బదనిక నాకు కనబడలేదు.

మళ్లీ చలికాలం వచ్చింది. కుండీల ముందు నిలబడి, పగిలిన ముంజేతులను తడిమి చూసుకున్నాను. వేర్లేమీ లేవు. చిన్నప్పుడైతే ఊపిరి పీల్చుకునేదాన్ని. ఇప్పుడు భయమేసింది.