కాశీలో వదిలిన మామిడిపండు

హనుమత్ప్రసాద్ అమీర్‌పేటలో పద్దెనిమిదేళ్లు ఎంసెట్ పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పాడు. పువ్వులోని అండాశయం ఎదిగితే అది పండు. వంకాయ, బెండకాయ, టమాటా అన్నీ పండ్లే. కూరగాయ అన్నది వంటింటి లెక్క. మైత్రీవనం చుట్టూ జావా కోచింగ్ బోర్డులు లేచి ఆయన క్లాసు పదకొండుమందికి దిగినా, ఈ పాఠం మీద మమకారం తగ్గలేదు. ఇంట్లో వంటచేసే కాంతవ్వకూ చెప్పాడు.

"గట్లయితే చుట్టాలొస్తే వంకాయలు కోసి పళ్లెంల పెట్టనా సార్?" అందామె.

ఆ వేసవిలో ఆయన తల్లి వసుమతికి తిండి సయించడం మానేసింది. ఎనభై రెండేళ్లు, కడుపులో కంతి. ఏది గొంతు దిగితే అది పెట్టమన్నాడు పంజాగుట్ట డాక్టరు. దిగేది ఒక్కటే: ఆవకాయ ఊట కలిపిన పెరుగన్నం, నాలుగు ముద్దలు.

నాలుగు ముద్దలు కొడుక్కి చాల్లేదు. చిన్న రసాల మామిడిపండ్లు కొని, రసం పిండి, గిన్నెలో పోసి తెచ్చాడు.

"కాశీలో వదిలేశాను కదరా," అందావిడ. భర్త పోయిన ఏడాది కాశీ వెళ్లి, అందరిలాగే ఇష్టమైన పండొకటి ఇక తిననని గంగలో వదిలి వచ్చింది. పందొమ్మిదేళ్లుగా మామిడిపండు ముట్టలేదు.

ఇలాంటి నియమాలంటే హనుమత్ప్రసాద్‌కు ఓపిక లేదు. ఉండాలని ఎవరూ అనక్కర్లేదు కూడా. చిక్కిపోతున్న మనిషికీ గిన్నెడు రసానికీ మధ్య గంగకు ఏం పని?

"ఆవకాయ తింటున్నావుగా అమ్మా, అదేంటి?"

"కాయ."

"కాయైనా పండైనా ఫలం ఒకటే. పచ్చిగా ఉన్నప్పుడు పేరు వేరు, అంతే. పందొమ్మిదేళ్లూ నువ్వు మామిడి తింటూనే ఉన్నావు. నియమం ఎప్పుడో పోయింది. ఇంక తాగడానికేం?"

"నిజమేనా?"

"పుస్తకం తెమ్మంటావా?"

"వద్దులే. నువ్వు చెబితే చాలు."

గిన్నె పక్కకు జరిపింది. మర్నాడు కాంతవ్వ ఊట కలిపిన అన్నం తెస్తే, దాన్నీ జరిపింది.

"ఏం జేసిన్రు సార్!" కాంతవ్వ విరుచుకుపడింది. "అమ్మ గా నాలుగు బుక్కలు సుత తింటలేదు. ఆవకాయ సుత పండేనని చెప్పకుంటే మీదేం బోతుండె?"

ఆయన వెళ్లి మంచం పక్కన కూర్చున్నాడు. "అమ్మా, నేను తప్పు చెప్పాను. కాయ వేరు, పండు వేరు. లోకమంతా అదే అంటుంది."

"లోకం సంగతి నాకూ తెలుసు నాన్నా. పిల్లలకు నువ్వు చెప్పేదేంటి?"

ఆయన తల్లి కాళ్ల మీద దుప్పటి సరిచేశాడు.

"తెలియక తిన్నదానికి తప్పు లేదులే. తెలిశాక ఎట్లా తినను?" ఆ గొంతులో నిష్ఠూరం లేదు. చిన్నప్పటి నుంచీ కొడుకు చదువంటే ఆవిడకు గురి.

కాంతవ్వ ఉట్టి పెరుగన్నం మెత్తగా మెదిపి ఇచ్చింది. హనుమత్ప్రసాద్ తనే ముద్ద చేసి తల్లి నోటికి అందించాడు. కొడుకు కోసం ఒకటి మింగింది. రెండోది దిగలేదు.