ఇద్దరు చెప్పిన మాట

ఒక్క వాక్యం. చాలా ఏళ్లుగా దాన్నే మోస్తున్నాను. నా పేరు చెప్పను కానీ, జరిగింది మాత్రం మీ దగ్గర దాచను.

అప్పుడు అనంతపురంలో ఒక దినపత్రికకు విలేకరిని. ప్రభుత్వం పేదలకిచ్చిన భూమిని, వాళ్ల వాదన వినకుండానే వెనక్కి తీసుకోవచ్చా? ఆ కేసులో హైకోర్టు తీర్పు సాయంత్రం వచ్చింది. డెస్క్ తొందరపెడుతోంది. తీర్పును చివరి పేజీల నుంచి చదవడం మా అలవాటు. తేలిన విషయం అక్కడే ఉంటుంది కదా. 'తీసుకోవచ్చు' అని ఉంది. అదే రాశాను.

మర్నాడు ఒక లాయరు మిత్రుడు ఫోన్ చేశాడు. బెంచిలో ముగ్గురు. నేను చదివింది, ఒంటరిగా మిగిలిన న్యాయమూర్తి చివర రాసిన భిన్నాభిప్రాయం. ముందున్న ఇద్దరూ వేర్వేరు కారణాలు చూపినా, రైతు వాదన వినకుండా భూమి తీసుకోకూడదన్న చోట కలిశారు. ఆ కలిసిన మాటే తీర్పు. కేసు వేసింది ఎక్కడో వేరే జిల్లా రైతైనా, రాష్ట్రంలోని కింది కోర్టులన్నీ దానికి కట్టుబడాలి.

సవరణ వేయించాలి. వేయించలేదు. కోర్టు వార్తలు నాకు తెలిసినట్టు ఎవరికీ తెలియవని పేరుండేది. ఆ పేరు మీద నాకెంత మోజో అప్పుడు తెలిసింది.

ఆ వారంలోనే చిలమత్తూరు వైపు నుంచి నరసింహప్ప అనే రైతు వచ్చాడు. ఆయనదీ ప్రభుత్వం ఇచ్చిన భూమే. సోలార్ కంపెనీ కోసం భూమి వదులుకుంటున్నట్టు సంతకం పెట్టమని అధికారులు ఆయన వెంటపడుతున్నారు.

"ఏమప్పా, జడ్జీల్లో ఇద్దరు మా తట్టే చెప్పినారని మా అల్లుడు అంటాండాడు. నువ్వేమో ఇంకోటి రాసినావు. యాది నిజం?"

"ముగ్గురూ తలా ఒక మాట చెప్పినారన్నా. అట్లాంటి తీర్పు నిలబడదు."

"నేనూ నా పెండ్లామూ కొట్లాడినా కడాకు ఒక మాట నిలుస్తాది గదప్పా! వీళ్లకు అదీ చేతకాలేదా?" నవ్వాడు. "సర్లే, చదువుకున్నోనివి. నువ్వు చెప్తే అంతే."

వెళ్లి సంతకం పెట్టాడు.

తెలియక చెప్పానా? కాదు. భయపడి చెప్పానని ఇన్నాళ్లూ సర్దిచెప్పుకున్నాను గానీ, ఆ రోజు నాకు భయపడేంత ప్రమాదమేమీ లేదు, ఆయన ముందు తప్పయిందని ఒప్పుకోవడం తప్ప. నిలబడదన్న ఆ తీర్పు ఇప్పటికీ నిలిచే ఉంది. దాన్ని చూపించి ఎందరో భూములు కాపాడుకున్నారు. నరసింహప్ప వేరుశనగ వేసిన చేలో సోలార్ పలకలున్నాయి. వాటి దుమ్ము కడిగే కూలి పని ఆయనకే దొరికింది. ఎదురుపడితే, "బాగుండావా అప్పా?" అంటాడు.

క్షమాపణ అడగడం లేదు. ఆ రోజు వేయించని సవరణ ఇప్పుడు వేస్తున్నాను. తీర్పు రైతు వైపే వచ్చింది. ముగ్గురిలో ఇద్దరి మాట చాలు. నరసింహప్ప అడిగినప్పుడు ఆ సంగతి నాకు తెలుసు.