మకాతు ఇచ్చిన పందిపిల్ల

రెండో ప్రపంచయుద్ధం చివరి రోజుల్లో, వాన కురుస్తున్న ఒక ఉదయం మకాతునూ, ఆమె భర్తనూ, అక్క పోయాక ఆమె పెంచుకుంటున్న అక్క కొడుకు మోరిటోకునూ వాళ్ళ సొంత సమాధి గుహలోంచే బయటికి గెంటేశారు. తాతముత్తాతల ఎముకలున్న ఆ రాతి గుహలో, జపాను దక్షిణ దీవి ఒకినావాలో అందరిలాగే వాళ్ళు కూడా అమెరికా ఫిరంగి గుండ్లకు దడిసి తలదాచుకున్నారు. గెంటినవాళ్ళు అమెరికావాళ్ళు కాదు, జపాను సైనికులు, తమవాళ్ళే. వాళ్ళకు దారి చూపించినవాడు అదే ఊరి రాళ్ళపనివాడు చోషిన్. "యుద్ధం చేసేవాళ్ళకు చోటు కావాలి వదినా" అన్నాడు, ఆమె ముఖం చూడకుండా. ఆ సాయంత్రం చెరకుతోటలో గుండు పడి మకాతు భర్త చనిపోయాడు.

తరువాత జపాను ఓడిపోయింది. గెలిచిన అమెరికావాళ్ళు డేరాలిచ్చారు, డబ్బా మాంసమిచ్చారు, జ్వరానికి మందులిచ్చారు. ఊరి పొలాల్లో సగానికి కంచె వేసి విమానాలు దిగడానికి చదును చేసుకున్నారు. మోరిటోకుకు వాళ్ళ వంటశాలలో గిన్నెలు తోమే పని దొరికింది. వాళ్ళు పారేసిన ఇంగ్లీషు పత్రికలు ఏరుకుని, చిరిగిన నిఘంటువు ముందేసుకుని, ఒక్కో మాటే కూడబలుక్కుని చదివేవాడు. ఓడిన దేశాలను తామెంత దయగా నిలబెడుతున్నామో వాటిలో రాసి ఉండేది. ఒకరోజు అలాంటి పత్రికను తెచ్చి మకాతు ముందు విసిరికొట్టాడు.

"మన పొలంలో నిలబడి మనకే తిండి పెడుతున్నారు పిన్నీ. దానికి దండం కూడా పెట్టాలా?"

"తిన్నదానికి దండం పెట్టు. పొలం సంగతి నిలదీసి అడుగు. రెండూ ఒకే నోటితో చెయ్యొచ్చు. నీ నోరేం చిన్నది కాదుగా!"

యుద్ధం పోతూ పోతూ ఆ దీవిలో పందులను కూడా దాదాపు లేకుండా చేసి పోయింది. పంది లేకపోతే వాళ్ళకు కొత్త సంవత్సరం లేదు, చనిపోయినవాళ్ళ ముందు పెట్టడానికి ఏమీ లేదు. అది విని, ఎప్పుడో హవాయికి చెరకు కొట్టడానికి వలసపోయిన ఒకినావా వాళ్ళు చందాలు వేసుకుని పందులు కొని ఓడలో పంపారు. అందులో ఒక తెల్లపంది మకాతు ఊరికి వచ్చింది. చీటీలు తీస్తే మొదటి పేరు ఆమెదే వచ్చింది. షరతు ఒక్కటే, ఈనిన పిల్లల్ని చీటీల వరసలో మిగతా ఇళ్ళకు పంచాలి. రెండో పేరు చోషిన్‌ది. అది చదవగానే అందరూ నేలచూపులు చూశారు. మకాతు పంది మెడకు తాడు కట్టి ఇంటిదారి పట్టింది.

"వాడికి ఇస్తావా?" అన్నాడు మోరిటోకు దారిలో.

"ముందు దాన్ని ఈననీరా."

ఆమె ఇంట్లో యుద్ధం తరువాత నిలిచింది రాతి పందిదొడ్డి ఒక్కటే. భర్త స్వయంగా కట్టిన దొడ్డి, పైన వంపు తిరిగిన రాతి కప్పు. దీవిలోని చిన్నచిన్న నల్లపందులు తరతరాలుగా అలాంటివాటిలోనే పెరిగాయి. ఓడ ప్రయాణంలో చిక్కి సగమైన తెల్లపందిని కూడా ఆమె అందులోకే తోలింది. మోరిటోకు రోజూ వంటశాల కుడితి మోసుకొచ్చాడు. పంది తిన్నది, పెరిగింది, పక్క ఊరి మగపందితో జతకట్టించాక చూలుతో ఇంకా పెరిగింది. ఈనే రోజు దగ్గరపడ్డాక చూస్తే దాని వీపు కప్పుకు తగులుతోంది. అటు తిరగలేదు, ఇటు ఇరుకు వాకిట్లోంచి బయటికి రాలేదు. లోపలే ఈనితే పిల్లలు దాని కిందే నలిగిపోతాయి.

మోరిటోకు తాడు పట్టి లాగితే అది ఊరంతా వినిపించేలా అరిచింది. జనం పోగయ్యారు.

"ఒళ్ళంతా నూనె రాయండర్రా, జారొస్తుంది!"

"రాదు గానీ, మకాతే లోపలికి పోయి పురుడు పొయ్యాలి!"

అంతలో చోషిన్ గునపంతో వచ్చి గోడ దగ్గర ఆగాడు.

"కప్పు తియ్యాలి వదినా. నడిమి రాయి కదిలిస్తే మిగతావి పంది మీద కూలతాయి, కిందనుంచి మోసి దించాలి."

మోరిటోకు అడ్డం వచ్చాడు. "నీ పందిపిల్ల కోసమేగా వచ్చావు?"

"అవును, దానికోసమే. అబద్ధమెందుకు?"

మకాతు ఆ రాళ్ళ వైపు కాసేపు చూసింది. భర్త చేతిపని అంటూ ఆమెకు మిగిలింది అవే.

"తియ్యి" అంది. "పందికి దెబ్బ తగిలిందో, నీ పళ్ళు రాలగొడతా."

చోషిన్ పంది పక్కన ఇరుక్కుని కప్పు కింద వీపు ఆనించి, ఒక్కో రాయే భుజం మీదికి దించుకున్నాడు. చివరి రాయి దింపేసరికి చొక్కా నెత్తురయింది. ఆ మధ్యాహ్నమే పంది పాత డేరాగుడ్డ కింద, గడ్డి మీద సుఖంగా ఈనింది.

పిల్లలు పాలు మరిచాక మోరిటోకు అన్నిటిలో బక్కదాన్ని ఏరి బుట్టలో పెట్టాడు. "వాడికిది చాలు."

మకాతు దాన్ని తీసి తల్లి దగ్గర వదిలింది. మిగతావాటిని తోసేసి ముందుకొచ్చే బలమైన పిల్లను పట్టుకుంది.

"ఇదేంటి పిన్నీ, మంచిదాన్నా!"

"మనకు పంపినవాళ్ళు ఏరి బక్కదాన్ని పంపారా? ఈ ఊళ్ళో ఎవడు ఎవణ్ని గెంటాడో విచారించి ఓడెక్కించారా? విచారించి ఉంటే ఎన్ని ఇళ్ళకు వచ్చేవిరా పందులు?"

పిలిస్తే వచ్చిన చోషిన్ తల వంచి పిల్లను అందుకున్నాడు. ఏదో చెప్పబోయాడు.

"కాళ్ళు గట్టిగా పట్టుకో. జారిపోతుంది" అని ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

ఆ పిల్ల ఈనింది, దాని పిల్లలు ఈనాయి. కొన్నేళ్ళకు పంది అరుపు వినిపించని ఇల్లు ఊళ్ళో లేకుండా పోయింది. కంచె మాత్రం ఇంకా ముందుకు జరిగి మకాతు చిలగడదుంపల చేను కూడా మింగింది. దక్షిణ అమెరికాలో సాగుకు భూమి ఇస్తారని విని, మోరిటోకు బొలీవియాకు వలసపోయేవాళ్ళలో పేరు రాయించుకున్నాడు. నహా రేవుకు ఆమె పంది మాంసం, పులియబెట్టిన సోయాగింజల ముద్ద మీసో కలిపి వేయించి డబ్బాలో పెట్టి తెచ్చింది. తల్లి లేని తనను ఇన్నేళ్ళు బతికించిన ఆ చేతుల్ని పట్టుకుని అతను చోషిన్ మాట ఎత్తాడు.

"నువ్వు వాణ్ని క్షమించగలిగావు పిన్నీ. నాకది చేతకాలేదు."

"క్షమించానని నీకెవరు చెప్పారు?" అంది మకాతు. "ఆ పొద్దు వాడు చేసింది నేను చచ్చేదాకా మరిచిపోను. పందిపిల్ల సంగతి వేరు. అడక్కుండా ఎవరో మనకు పంపారు, వాడి వంతు వాడికి ఇచ్చాను. ఇవ్వడానికి క్షమించాల్సిన పని లేదురా. ఇక ఎక్కు, వెనక జనం తోస్తున్నారు."