మూగ అక్షరాల మీద పగ

మొన్న మా మనవరాలు ఫోనులో స్నేహితురాలికి ఇంగ్లీషులో ఏదో రాస్తుంటే పక్కనుంచి చూశాను. మాటకు సగం అక్షరాలే ఉన్నాయి. అడిగితే, "ఇప్పుడు అందరు ఇట్లనే రాస్తరు తాతా" అంది. నవ్వబోయి ఆగిపోయాను. ఆ పనే నేను డెబ్బైలలో పగబట్టి చేశాను.

మా నాయన వరంగల్లు మండీలో మిర్చి బస్తాలు మోసే హమాలీ. తొమ్మిదో తరగతిలో నా డిక్టేషన్‌లో స్పెల్లింగు తప్పులు చూసి ఇంగ్లీషు సారు నన్ను బెంచీ ఎక్కించి, "నీకెందుకురా ఇంగ్లీషు? మీ నాయిన ఎంబడి పోయి బస్తాలు మొయ్యి" అన్నాడు. క్లాసంతా నవ్వింది. ఆ రోజే ఇంగ్లీషు రాతను మార్చిపారెయ్యాలని నిశ్చయించుకున్నాను. తెలుగులోలాగా ఒక ధ్వనికి ఒకటే అక్షరం. పలకకుండా ఊరికే కూర్చుని తినే మూగ అక్షరాలకు చోటు లేదు. ఒక్కొక్కదాన్ని కొట్టేస్తుంటే సారు పన్ను ఊడబెరికినంత హాయిగా ఉండేది. సర్కారు నా పద్ధతిని చట్టం చేసినట్టు, నేను డిక్టేషన్ చెబుతుంటే సారు చెమటలు కక్కుతున్నట్టు ఊహించుకుంటూ నిద్రపోయేవాణ్ణి.

సర్కారు నన్ను అడగలేదు. కానీ ఎనభైలలో, నేను కాశీబుగ్గలో ఒక ప్రెస్సులో అక్షరాలు పేర్చే పని చేస్తుండగా, సారు రిటైరవుతున్నాడని బడివాళ్ళు ఇంగ్లీషు సన్మానపత్రం అచ్చుకు తెచ్చారు. మొదటి రెండు వాక్యాలు లోకం రాసినట్టే పేర్చాను. మిగతాదంతా నా ఇంగ్లీషు; ప్రూఫు చూసేదీ నేనే. పత్రాన్ని ఇంకొకరు చదవడం ఆనవాయితీ. సారు గొంతులోనే వినాలని కోరి, ఆయన చేతికి ఇప్పించింది నేనే.

రెండు వాక్యాలు గంభీరంగా చదివి సారు ఆగిపోయాడు. కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. మళ్ళీ చూశాడు. ముందు వరసలో కూర్చుని ఆ నిశ్శబ్దాన్ని బెల్లంముక్కలా చప్పరించాను.

"అక్షరాలు నిలుస్తలేవు బిడ్డా. అచ్చేసినోనివి, నువ్వే చదువు" అన్నాడు.

చదివాను. రాత మారినా పలుకు అదే కాబట్టి చెవికి ఏ లోపమూ లేదు. అందరూ చప్పట్లు కొట్టారు.

కొన్ని నెలలకు చౌరస్తాలో కనబడ్డాడు. ట్యూషన్లు మానేశాడట.

"కండ్లు మంచిగున్నయన్నడు డాక్టరు. తలకాయే ఖరాబైనట్టుంది. నువ్వు సక్కగ చదివితివి గద."

"అట్లేం లేదు సార్" అని సైకిలెక్కాను.

ఆయన పోయి చాలాకాలమైంది. పగ తీర్చుకోవడానికి పదేళ్ళు ఓపిక పట్టినవాణ్ణి, నిజం చెప్పడానికి చౌరస్తాలో ఇంకొక్క నిమిషం నిలబడలేకపోయాను.