తెల్ల రంగు కింది తాతయ్య

తన వంశం పరువును తన చేత్తోనే, అదీ తడి దూదితో తుడిచేసుకున్న మనిషిని మీరెక్కడైనా చూశారా? ఇదిగో, చూడండి.

ఐదారేళ్ళ కిందటి మాట. అప్పటికే మా పొలాలు పోయాయి, మిల్లు పోయింది, గురజాల మేడ పరాయివాళ్ళదైంది. నిటారుగా మిగిలింది నా వెన్నెముక ఒక్కటే. దానికి తోడు ఒక పిచ్చి: పాత దినపత్రికల్లో వచ్చిన బొమ్మల కథలకు చిత్రకారులు చేత్తో గీసిన అసలు అట్టలు పోగుచెయ్యడం.

మా తాతయ్య రాఘవయ్యగారు రోజూ పొద్దున్నే పేపర్లో ‘మీసాల దొర’ బొమ్మలు చూసి కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వేవాడు. "ఇట్టాంటి గొప్పలోడు మన తాలూకాలోనూ ఉండే ఉంటాడ్రా" అనేవాడు. ఆ చిత్రకారుడు మావైపు వాడే. ఆ చిత్రకారుడు పోయాక సత్తెనపల్లిలో ఉన్న ఆయన కూతురు అటక మీది నుంచి ఒక అట్ట తీసి నాకిచ్చింది. అందులో దొర కోటప్పకొండ తిరనాళ్ళకు అందరికన్నా ఎత్తయిన వెదురు ప్రభ కట్టించి, దాని కిందే పడి అరుస్తుంటాడు.

తాతయ్య జ్ఞాపకార్థం నరసరావుపేటలో ప్రదర్శన పెట్టాలనుకున్నాను. మా ఇంటిపేరు మళ్ళీ నలుగురి నోళ్ళలో నానాలని నా తాపత్రయం. అట్ట పట్టుకుని ఫ్రేములు కట్టే మస్తాన్ దగ్గరికి వెళ్ళాను.

"మస్తానూ, దొర మొహం మీద, మాటల మీద ఈ తెల్ల మరకలేంది?"

"మరకలు కాదు అయ్యగారూ. తప్పు గీసినచోట తెల్లరంగు పూస్తారు. పేపర్లో కనపడదు. తీస్తే కింద ఏముందో ఏమో."

"ఏముంటే ఏంది? మా ఇంట్లో దాచుకునేది ఏదీ లేదు."

"మీ ఇంటి సంగతి కాదండీ, బొమ్మ సంగతి."

"ఫ్రేము కట్టేవాడివి, ఫ్రేము కట్టు. మచ్చ ఉన్న వస్తువు మా గోడకెక్కదు."

దూది తడిపి నేనే తుడిచాను. తెల్లరంగు పోయింది, నల్లసిరా చెక్కుచెదరలేదు. మస్తాన్ గొంతు సవరించుకున్నాడు.

"అయ్యగారూ, కళ్ళజోడు పెట్టుకుని ఒక్కసారి చూడండి."

"మా వంశంలో కళ్ళజోడు లేదు. శుభ్రంగా ఉంది, కట్టు."

ప్రదర్శన రోజు అట్ట పక్కనే తాతయ్య ఫొటోకు నిలువెత్తు దండ వేయించాను. రిటైరైన హెడ్మాస్టరుగారు తెర లాగారు. ముందు వరసలో ఒకావిడ పక్కావిడను పొడిచింది.

"ఏమే, ఆ దండ వేసిన పెద్దాయనే కదటే ప్రభ కింద?"

ఫోన్లన్నీ లేచాయి. నవ్వు కుర్చీ కుర్చీకీ పాకింది. నాకా, అంతా మసక.

"ఏంది మస్తానూ, ఎందుకు నవ్వుతున్నారు?"

"మీ తాతగారేనండీ. ఎడమ మీసం పైకి, కుడి మీసం కిందికి, ముక్కు మీద పులిపిరి. ‘నేనెవరనుకున్నారు, రాఘవయ్యను’ అని రాసి కూడా ఉంది."

"అప్పుడే చెప్పొచ్చుగా?"

"చెప్పబోయా. ఫ్రేము కట్టేవాడివి, ఫ్రేము కట్టు అన్నారు."

ఆ చిత్రకారుడు జాలిపడి, ఇన్నేళ్ళు తెల్లరంగు కింద దాచిపెట్టిన మా పరువును నేను దూదితో తుడిచేశాను. పాపం తాతయ్య, ప్రతి పొద్దునా తనను చూసి తనే నవ్వుకున్నాడు. ఇంటిపేరు నోళ్ళలో నానాలనుకున్నాను కదా, మాచర్ల దాకా నానింది. ఇప్పటికీ ఆరలేదు.

కనుక కోటప్పకొండ త్రికోటేశ్వరస్వామి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇక ఏ తెల్ల మరక జోలికీ పోను. ఈ ప్రమాణం కళ్ళజోడు పెట్టుకునే రాస్తున్నాను.