ఆ అంకె ఎవరి పేరూ చెప్పలేదు

1991 వేసవి. మేళ్లచెరువు వైపు సున్నపురాయి నేలల్లో ఉన్న ఒక సిమెంటు కర్మాగారంలో నేను ఇన్‌స్ట్రుమెంటేషన్ విభాగం చూసేవాణ్ణి. వేడిని, వేగాన్ని కొలిచే పరికరాలు, యంత్రాలను నడిపే కంట్రోల్ ప్యానెళ్లు మా బాధ్యత. ఏటా ఎండాకాలంలో కిల్న్ ఆపి లోపలి ఇటుకలు మార్చేవారు. కిల్న్ అంటే సున్నపురాయి పొడిని కాల్చే పొడవాటి ఉక్కు గొట్టం. నిదానంగా తిరుగుతూనే ఉంటుంది. అది ఆగి ఉన్న రోజుల్లోనే మేమూ మా పరికరాలన్నీ విప్పి, తుడిచి, మళ్లీ బిగించుకునేవాళ్లం.

ఆ ఏడు పీఎల్‌సీ బ్యాటరీ కూడా మార్చవలసి వచ్చింది. ఏ మోటారు ఎప్పుడు నడవాలి, ఏది ఆగితే ఏది ఆగాలి అన్న ఆజ్ఞలన్నీ ఉండే పెట్టె పీఎల్‌సీ. బ్యాటరీ తీస్తే ఆ ఆజ్ఞలు చెరిగిపోతాయి. ఫ్లాపీ అనే పలచటి డిస్కులో దాచిన ప్రోగ్రామును కంప్యూటరు ద్వారా మళ్లీ ఎక్కించాలి. మా టెక్నీషియన్ సైదులు ఆ పని చేశాడు.

కిల్న్ వెలిగించే ముందు, పొడి లేకుండా ఉత్త యంత్రాలతో ఒక పరీక్ష చేయడం నా అలవాటు. కిల్న్‌ను తిప్పే మోటారు ఆగితే, పొడి పోసే ఫీడ్ వెంటనే దానంతట అదే ఆగాలి. దీన్ని ఇంటర్‌లాక్ అంటాం. ఫీడ్ ఆగకపోతే, తిరగని గొట్టంలో పొడి పేరుకుని, మండుతూ అవతలి కొసన, కాలిన సరుకును చల్లార్చే కూలర్ మీదికి దూకుతుంది. అక్కడ మనుషులుంటారు. ఆ ఉదయం మోటారు ఆపి చూశాను. ఫీడ్ ఆగలేదు. మళ్లీ చూశాను. ఆగలేదు.

కబురు విని ప్లాంట్ మేనేజర్ రాఘవరావు గారు వచ్చారు. కోస్తా మనిషి. పనిలో ఎంత గట్టివారో కోపంలోనూ అంతే.

"ప్రోగ్రాం ఎక్కించింది ఎవరండీ?"

"సైదులు సార్."

ఆయన ముఖం మారింది. కారణం నాకు తెలుసు. కొద్ది రోజుల కింద సైదులును ప్యాకింగ్ ప్లాంటుకు మారుస్తానని ఆయన అంటే, అందరి ముందూ సైదులు ఎదురు చెప్పాడు. "మార్చుండ్రి సార్. నేను లేకుంటే గీ కిల్న్ ఎట్ల తిరుగుతదో నేనూ చూస్త" అన్నాడు. ఉక్రోషంలో జారిన మాట అది. ఇప్పుడు అదే సాక్ష్యమై కూర్చుంది.

"చూశారా? అన్నంత పనీ చేశాడు. ఫ్లాపీ నేను చూశాను. ఫైలు సైజు మారలేదు, తేదీ మారలేదు. పైకి తెలియకుండా లోపల మార్చాడు. ఇవాళే ఉద్యోగంలోంచి తీసేస్తాను. పోలీసులకూ చెబుతాను."

"సాయంత్రం దాకా ఆగండి సార్. ఒకసారి చెక్‌సమ్ తీసి చూస్తాను" అన్నాను.

చెక్‌సమ్ గురించి రెండు మాటలు చెప్పాలి. సైజు సరిపోయినంత మాత్రాన ఫైలు సరైనదని కాదు. మా గేటు దగ్గర లారీల కాటా ఉండేది. రెండు లారీలు చూపుకు ఒకేలా ఉన్నా, ఒకదాంట్లో బస్తా తగ్గితే కాటా పట్టేస్తుంది. చెక్‌సమ్ ఫైలుకు అలాంటి కాటా. ఇంకా ఒక మెట్టు ఎక్కువ కూడా. ఫైలులోని ప్రతి బైటునూ, అది ఉన్న స్థానంతో సహా లెక్కలోకి తీసుకుని చివరకు ఒక చిన్న అంకె ఇస్తుంది. లోపల ఒక్క అక్షరం మారినా సాధారణంగా అంకె మారిపోతుంది. అప్పట్లో మా కంప్యూటర్లకు మౌసూ బొమ్మలూ లేవు. నల్లటి తెర మీద కమాండ్ పేరు, ఫైలు పేరు టైపు చేసి ఎంటర్ కొట్టాలి. ప్రోగ్రాం రాసిచ్చిన ఇంజనీరు సరైన అంకెను ఒరిజినల్ ఫ్లాపీ కవరు మీద అంటించి వెళ్లాడు. ఆ అంకె నాకు గుర్తుంది.

సైదులు ఎక్కించిన ఫ్లాపీ పెట్టి, కమాండ్ కొట్టాను. రాఘవరావు గారు నా వెనకే నిలబడ్డారు. తెర మీద పడిన అంకె కవరు మీదిది కాదు, వేరు.

"ఇంకేం కావాలండీ?" అని ఆయన వెళ్లిపోయారు.

సైదులు గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. నేను వాణ్ణి కాపాడదామని తీసిన పనిముట్టే వాణ్ణి పట్టించినట్టయింది.

"సార్, గా నంబర్ నన్ను దొంగంటాందా?"

"ఫైలు మారిందంటాంది. ఎవలు మార్చిండ్రో చెప్తలేదు."

"మరి నేనైతే మార్చలే. మార్చెటంత తెలివి ఉంటే ప్యాకింగ్‌కు పొమ్మన్న ఆర్డరే మార్చుకుందును గద!"

ఆ స్థితిలోనూ వాడు అలా అనగలిగాడు. నాకు నవ్వొచ్చింది గానీ వాడు నవ్వలేదు.

మధ్యాహ్నానికి సంగతి ఊళ్లోకి పాకింది. సైదులు తండ్రి ఎల్లయ్య గేటు దగ్గరకొచ్చాడని వాచ్‌మన్ చెబితే వెళ్లాను. ఫ్యాక్టరీకి రాయి తవ్వే క్వారీ కోసం భూమి ఇచ్చిన కుటుంబం వాళ్లది. అందుకు బదులుగానే కొడుక్కి ఈ ఉద్యోగం వచ్చింది.

"సారూ, భూమి తీస్కొని కొలువిచ్చిండ్రు. గిప్పుడు కొలువు తీస్తరట. మరి భూమి మళ్ల ఇస్తరా?" అన్నాడు. మళ్లీ తనే అన్నాడు, "ఏడిదిలే, ఆడ గుంతనే మిగిలింది."

"ఎల్లయ్యన్నా, పొద్దుగూకే దాకా ఆగు. ఇంక తేలలే" అన్నాను. అంతకన్నా ధైర్యం చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

తిరిగి వచ్చి సైదులును అడిగాను, "గీ ఫ్లాపీ నీకెవలిచ్చిండ్రు?"

"పెద్ద సారు రూములకెల్లి వచ్చింది. ఒరిజినల్ నా చేతికే రాలే."

అది నిజమే. ఆ బదిలీ గొడవ తరవాత రాఘవరావు గారు ఒరిజినల్ ఫ్లాపీలు తన బీరువాలో పెట్టించుకున్నారు. కాపీలు కూడా తన గదిలోని కంప్యూటరు మీద తనే తీసేవారు. ఎవరినీ నమ్మదలచుకోలేదు. నేను ఆ గదికి వెళ్లి, ఒరిజినల్ నుంచి ఇంకో కాపీ కావాలన్నాను. ఫ్లాపీ నా చేతికి కూడా ఇవ్వలేదు.

"ఉండండి, నేనే తీసిస్తాను" అని కంప్యూటరు ముందు కూర్చున్నారు.

డ్రైవ్ కాసేపు మామూలుగా తిరిగింది. తరవాత కరకరలాడి ఆగింది. డేటా చదవలేకపోతున్నానని, ఏం చేయమంటారని తెర అడిగింది. అబార్ట్, రిట్రై, ఇగ్నోర్, ఫెయిల్. అంటే పని మానెయ్యనా, మళ్లీ ప్రయత్నించనా, పట్టించుకోకుండా ముందుకు పోనా, కుదరలేదని వదిలెయ్యనా అని.

ఆయన వేలు తడుముకోకుండా ఐ మీద, అంటే ఇగ్నోర్ మీద పడింది.

"మొన్న కూడా ఇలాగే అడిగిందండీ. ఐ కొడితే పోతుంది. ఇదిగో, కాపీ అయిందని వచ్చేసింది."

ఆ కొత్త కాపీని అక్కడే, ఆయన ముందే చెక్‌సమ్‌కు పెట్టాను. ఉదయం వచ్చిన తప్పు అంకే అచ్చంగా మళ్లీ వచ్చింది.

రాఘవరావు గారు తెరకు దగ్గరగా వంగారు. కవరు మీది అంకె చూశారు. మళ్లీ తెర చూశారు.

"ఈ కాపీని సైదులు ముట్టుకోలేదు కదండీ" అన్నారు చివరకు, తనలో తాను అనుకున్నట్టు.

సిమెంటు దుమ్ములో ఏం బతుకుతుంది? డ్రైవ్ విప్పి, దూదిని స్పిరిట్‌లో ముంచి దాని హెడ్ తుడిచాను. ఫ్లాపీని చదివే భాగం అది. దూది నల్లగా అయింది. మళ్లీ కాపీ పెట్టాను. అదే చోట మళ్లీ ఆగింది. ఈసారి ఆర్, అంటే రిట్రై కొట్టాను. ఆగింది. మళ్లీ కొట్టాను. అలా పట్టు వదలకుండా కొడుతుంటే ఒకసారికి డ్రైవ్ కరకర మానేసి ముందుకు సాగింది. అయితే అంత కష్టం మీద చదివింది సరిగ్గా చదివిందా? అది చెప్పగలిగేదీ చెక్‌సమ్ ఒక్కటే. కమాండ్ కొట్టాను. కవరు మీద ఉన్న అంకే తెర మీద పడింది.

తరవాత మంచి కాపీని, చెడ్డ కాపీని ఇంకో కమాండుతో పోల్చి చూశాం. తేడా ఒకే చోట ఉంది. చదవలేని ముక్క దగ్గర యంత్రం అంతకు ముందు చదివిన ముక్కనే ఇంకోసారి రాసేసింది. అందుకే సైజు తగ్గలేదు. పోయిన ముక్కలో మా ఇంటర్‌లాక్ ఆజ్ఞలున్నాయి. పగతో మార్చేవాడెవడూ ఉన్న ముక్కనే రెండుసార్లు రాసి కూర్చోడు.

రాఘవరావు గారిలో ఒక గొప్పతనం ఉంది. నన్ను గదిలో పక్కకు పిలిచి సర్దుకోలేదు. తిన్నగా కంట్రోల్ రూముకు నడిచారు. ఉదయం ఎవరి ముందు నింద వేశారో వాళ్లందరూ అక్కడే ఉన్నారు.

"సైదులూ, తప్పు నీది కాదయ్యా. కంప్యూటరు నన్ను అడిగింది. నేను చదవకుండా ఐ కొట్టాను. నిన్ను అనరాని మాటలు అన్నాను."

సైదులు తల గోక్కున్నాడు.

"జర పొద్దుగాలనే చెప్తే అన్నమన్న తినేటోణ్ణి సార్."

ముందు నవ్వింది రాఘవరావు గారే. కాంటీన్ నుంచి భోజనం తెప్పించారు. సైదులు చేయి కడుక్కుని వచ్చి మంచి కాపీని ఎక్కించాడు. మోటారు ఆపాం. ఫీడ్ టక్కున ఆగింది. ఆ సాయంత్రమే కిల్న్ వెలిగింది. గేటు దగ్గర కూర్చున్న ఎల్లయ్యకు ఆ మాట చెప్పడానికి నేనే వెళ్లాను. అతను తుండు దులిపి భుజాన వేసుకుని, "మంచిది సారూ" అని లేచాడు.

ఆ రాత్రి డైరీలో నేను రాసుకున్నది ఇంతే: సైజూ తేదీ చూసి ఏ ఫైలునూ నమ్మకూడదు, తేడా వచ్చిందని ఏ మనిషినీ అనుమానించకూడదు. మారిందా లేదా అన్నదే అంకె చెబుతుంది. ఎలా మారిందో, ఎవరు మార్చారో తెలుసుకోవడం మన పని, దానికి ఇంకొంచెం ఓపిక కావాలి. చాలాసార్లు ఆ రెండో ప్రశ్న దాకా మనం పోము.

దాంతోపాటు మా దగ్గర ఒక పద్ధతి మొదలైంది. కాపీ తీసేది ఒకరు, చెక్‌సమ్ చూసేది ఇంకొకరు. తీసింది ఎవరైనా సరే. మరుసటి ఏడు కిల్న్ ఆపిన షట్‌డౌన్‌లో రాఘవరావు గారే ఒక కాపీ తీసుకుని మా గదికి వచ్చారు. సైదులు బల్ల ముందు నిలబడి ఫ్లాపీ అందించారు.

"చూసి చెప్పవయ్యా."

సైదులు కమాండ్ టైపు చేశాడు. తెర మీది అంకెను కవరు మీది అంకెతో వేలుపెట్టి పోల్చి చూశాడు. పెద్ద సారు అంతసేపూ నిలబడే ఉన్నారు.

"కలిసింది సార్" అన్నాడు సైదులు. "ఎక్కియ్యమంటరా?"