పోటా, బోటా?

బరంపురంలో రైలు దిగి, ఉదయం పదింటికి లారీలో రామయ్యపట్నం చేరాం. గంజాం మద్రాసు నుంచి విడిపోయి ఒరిస్సాలో కలిసి కొన్నేళ్లే అయింది. యుద్ధం అప్పుడే తీరం దాకా వచ్చింది. ఇసుక, సరుగుడు తోపు, ఏరు సముద్రంలో కలిసే మొగ. ఆ ఏటి మీద ఇరవై రోజుల్లో వంతెన కట్టాలి. నేను ఇంజనీర్ల దళంలో హవల్దారుని.

మా లెఫ్టినెంటు డేరా ముందు నల్లబోర్డు పెట్టించి పనుల వరస సుద్దతో రాశాడు. ఒకటి, దుంగలు తెచ్చే బోటు. అది వస్తే అన్నీ వదిలి నీళ్లలో దిగి అందుకోవాలి. రెండు, గుంజలు పాతడం. మూడు, రోడ్డు. సముద్రం ఎక్కే, దిగే వేళలు ఆ బోర్డు మీద లేవు.

ఆ వేళలు తెలిసినవాడు అప్పలసామి. ముప్పై ఏళ్లు ఆ మొగలో పడవ నడిపిన మనిషి. మొగ దగ్గర గుడిసెలో టెలిఫోను ఇచ్చి కూర్చోబెట్టాం. హాజరు పట్టీలో మాత్రం కూలీ.

"నిపుణుడని రాయండి సార్. అతన్ని అడిగి పనులు వేద్దాం" అన్నాను.

"సర్టిఫికెట్ ఉందా?" అన్నాడు లెఫ్టినెంటు.

ఈ మాట చెబితే అప్పలసామి నవ్వాడు. "మీ బోర్డుకి సదువొచ్చు బాబూ. సముద్రానికి రాదు గదా, ఎలా సదువుకుంటాది?"

పదకొండో రోజు, మధ్యాహ్నం రెండూ ఇరవై. టెలిఫోను మోగింది. తీగ గరగరలాడుతోంది. ఆపరేటరు తమిళుడు. అతని రాతలో ప, బ రెంటికీ ఒకటే అక్షరం. చీటీ మీద రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టాడు.

"అప్పలసామి సార్. ఏదో వస్తోందట. పోటో, బోటో. లైను పోయింది."

పోటంటే సముద్రం ఏట్లోకి ఎక్కడం. "మళ్లీ కలిపి అడుగుదాం సార్" అన్నాను.

లెఫ్టినెంటు బోర్డు చూపించాడు. "మొదటిది ఏమిటి? బోటు. ఈల ఊదు."

ఊదాను. ఐదుగురు దిగారు. ముందు మా వడ్రంగి, నడుముకి పనిముట్ల బెల్టుతో సహా. ఛాతీ లోతుకి పోయి వెనక్కి తిరిగాడు. "బోటేదండీ హవల్దారు గారూ? మింగీసారేటి?"

రెండూ ముప్పైకి పోటు వచ్చింది. నలుగురు ఒడ్డెక్కారు.

అప్పలసామి తాగి తప్పు కబురు చెప్పాడని లెఫ్టినెంటు రిపోర్టు రాశాడు. అతన్ని కాపలాలో పెట్టారు.

"నానేటన్నాను బాబూ? పోటొస్తంది, మనుసుల్ని తీసీండన్నాను. తాగినోడికి ఆ గేనముంటాదా?"

ఆ చీటీ నా పెట్టెలో దాచాను. లెఫ్టినెంటు రెండుసార్లు అడిగాడు. ఇవ్వలేదు. బరంపురంలో విచారణ బల్ల మీద పెట్టాను. "ఈల ఊదింది నేను. ఊదమన్నది ఆయన. అడుగుదామంటే వద్దన్నదీ ఆయనే." ఆయన నా వైపు చూసేదాకా మూడుసార్లు చెప్పాను. అప్పలసామిని వదిలేశారు. లెఫ్టినెంటుకి మందలింపు, బదిలీ. అది చాలదు. ఇప్పటికీ చాలదు.

యుద్ధం ముగిసి తిరిగొచ్చాక, అస్కాలో వడ్రంగి వాళ్ల అన్నగారి ఇంటికి వెళ్లాను. "తలరాత బాబూ" అన్నాడాయన. కాదన్నాను. తల మీద ఎవరూ ఏమీ రాయలేదు. బోర్డు మీద రాశారు, సుద్దతో. రాసినవాణ్ణి నేనెరుగుదును. ఆయన ఏడుపు ఆపి, ఎవరని అడిగాడు. పేరు చెప్పాను.

ఏటి నీళ్లు సముద్రానికి పోవాలి. ఆ రోజు వడ్రంగి టోపీ ఎదురు తిరిగి, పైకి, మా బోర్డు వైపే తేలుతూ వచ్చింది. ఈల ఇంకా నా పళ్ల మధ్యే ఉంది.